కాక తెలియని చేతులు

పట్టుచీర కట్టుకుని పెళ్ళికి పోయే ఆడవాళ్ళను చూస్తే నాకు రోత పుడుతుంది. కుళ్ళు అనుకోవద్దు. ఆ చీర ఏ నీళ్ళలోంచి వచ్చిందో నాకు తెలుసు, అంతే. పట్టుగూళ్ళను మరిగే నీళ్ళ తొట్టిలో వేస్తాము. లోపల పురుగు ఉడుకుతుంది. ఆ వాసన చేపదీ కాదు, మాంసానిదీ కాదు. చీము పట్టిన పుండు మీద కట్టు విప్పితే వస్తుందే, అట్లాంటిది. జుట్టులో చేరుతుంది, గోళ్ళలో చేరుతుంది, తినే సంగటి ముద్దలో చేరుతుంది. మా ఆయన బతికున్నన్నాళ్ళు నేను పని నుంచి రాగానే నన్ను వాకిట్లోనే నిలబెట్టి, నీళ్ళు పోసుకుని లోపలికి రమ్మనేవాడు. పోసుకున్నాక కూడా ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఆయన పోయాక అనేవాళ్ళు లేరు. ఆ వాసనతోనే తిన్నాను, ఆ వాసనతోనే పండుకున్నాను.

నేను చెప్తుంటే నా కూతురు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. తన గురించి వచ్చినప్పుడల్లా ఆమె పెన్ను ఆపుతుంది. ఆపవద్దన్నాను. నేను చెప్పేది నా చేతుల గురించి. ఈ చేతులతో నా మనవడికి నీళ్ళు పోయొచ్చా, పోయకూడదా అనే ఒక్క సంగతి గురించి. అది తేలడానికి ఎంత రోత చూడాలో అంత రోతా చూశాను.

మాది చింతామణి తాలూకా, బట్లహళ్ళి పక్కన. బోరులో నీళ్ళు పడిపోయి మా మల్బరీ తోట ఎండిపోయాక, చింతామణిలో పట్టుదారం తీసే షెడ్డులో పనికి చేరాను. పైన సిమెంటు రేకులు, కింద వరసగా తొట్లు, ప్రతి తొట్టి ముందరా ఒక ఆడమనిషి. మరిగే నీళ్ళలో గూళ్ళు తేలుతుంటాయి. చిన్న కుంచెతో వాటిని తట్టి కొస పట్టుకోవాలి. ఆ కొస కంటికి కనిపించేది కాదు. సాలెగూటి పోగుకంటే సన్నం. వేలికి తగలాలి. అట్లా కొన్ని గూళ్ళ కొసలు కలిపితే ఒక దారం. ఒకటి తెగితే ఇంకో గూటి కొస వెతికి అతకాలి. చెయ్యి పొద్దంతా ఆ నీళ్ళలోనే.

ప్రతి తొట్టి పక్కన ఒక చెంబులో చల్లనీళ్ళు పెట్టుకుంటారు. కాక తట్టుకోలేనప్పుడు చెయ్యి తీసి చెంబులో ముంచాలి, మళ్ళీ తొట్టిలో పెట్టాలి. కొత్తగా వచ్చినామె మాటిమాటికీ చెంబులో ముంచుతుంది, పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. పాతబడేకొద్దీ ముంచేది తగ్గుతుంది. ఎప్పుడో ఒకరోజు ఆమె చెంబు తెచ్చుకోవడం మానేస్తుంది. అప్పటినుంచి ఆమె చెయ్యి కాగిన చెయ్యి. ఆమెకు మర్యాద వేరు, తొట్టి వేరు. అందరికంటే ముందర, ఆవిరి గొట్టానికి దగ్గరగా ఉండే తొట్టి ఇస్తారు.

నేను చెంబు మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది. మూలనున్న చెంబును తొట్టి దగ్గరికి తెచ్చుకోవడం మరిచిపోయాను. సాయంత్రం దాకా దాని అవసరం రాలేదు. పక్క తొట్టి ఆమె చూసి, ఇంక నువ్వు పెద్దదానివైపోయావే అని నా చెంబులో ఆకూవక్కా పెట్టి ఇచ్చింది. అందరం తిన్నాము. నేను మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఆకూవక్కా ఇప్పటికీ నోట్లో కుళ్ళుతున్నట్టు ఉంటుంది.

సావుకారు మంచి వ్యాపారస్తుడు. తరాలుగా వాళ్ళది అదే వ్యాపారం. సరుకు కొనేవాళ్ళు బెంగుళూరు నుంచి వస్తే వాళ్ళను నేరుగా నా తొట్టి దగ్గరికి తీసుకొచ్చేవాడు. "ఈయమ్మ చెయ్యి చూడండప్పా. నిప్పుల్లో పెట్టినా ఉలకదు" అనేవాడు. వాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో సెల్లు తీసి నా చెయ్యిని ఫోటో పట్టుకునేవాళ్ళు. మనిషిని కాదు, చెయ్యిని. ఒకడు ఇంకాసేపు నీళ్ళలో ఉంచమన్నాడు. ఉంచాను.

అయితే ఒక చిక్కు వచ్చింది. కాక తెలియకపోవడంతో పాటు కొస కూడా తెలియకుండా పోతూ వచ్చింది. గూటిని తిప్పుతాను, తిప్పుతాను, కొస తగలదు. దారం తెగినా వేలికి తెలియదు. పక్కామె చెప్తే చూసుకునేదాన్ని. సావుకారు నా కళ్ళు పోయాయన్నాడు. నాకూ నిజమే అనిపించింది. కళ్ళ డాక్టరు దగ్గర జోడు తెచ్చుకున్నాను. జోడు మీద ఆవిరి పట్టి ఉన్న చూపు కూడా పోయింది. చెంబు మానేసినందుకు మెచ్చుకున్న నోళ్ళే, పోగులు తెంపుతున్నానని తిట్టడం మొదలుపెట్టాయి. అదీ ఇదీ ఒకటే జబ్బు అని అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఒకరోజు పక్క తొట్టి ఆమె నా చెయ్యి పట్టుకుని పైకి లాగింది.

"మే, నీ వేలు ఉడికిపోయిండాది. చూసుకోలేదా?"

చిటికెనవేలు కొసన తోలు తెల్లగా ఉబ్బి, గూడు మాదిరి ఊడి వస్తోంది. కింద ఎర్రగా పచ్చి మాంసం. దాని మీద పురుగుల జిగట. ఈగ వాలింది. నొప్పి లేదు గదా అన్నాను. ఆ మాట గర్వంగానే అన్నాను. కాస్త పసుపు అద్ది పని చేసుకున్నాను. పుండుతో నా చెయ్యి, ఉడికిన పురుగూ, రెండూ ఒకటే వాసన.

అప్పటికే నా కూతురు మొదటి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. ఆమెను ఇచ్చింది మండికల్‌లో, ఆవులు పెట్టుకుని డైరీకి పాలు పోసే ఇంట్లో. మగబిడ్డ పుట్టాడు. మొదట్లో బిడ్డకు నీళ్ళు పోయడానికి వీధిలో ఒక ముసలమ్మ వచ్చేది. ఆమెకు నడుము పట్టుకుని రాలేకపోయింది. నా కూతురు నన్నే పోయమంది. మాయమ్మ చేతికి కాక లెక్కే లేదు అని ఆమె కూడా వీధిలో చెప్పుకునేది.

బిడ్డకు నీళ్ళు పోయడం మీకు తెలిసిందే. నేల మీద కూర్చుని కాళ్ళు చాపాలి. రెండు కాళ్ళ నడుమ పల్లం ఉంటుంది, అందులో బిడ్డను పండేసుకోవాలి. ముందుగా ఒక చెంబుడు నీళ్ళు మన కాళ్ళ మీదనే పోసుకోవాలి, బిడ్డ ఒంటికి చల్లటి కాలు తగలకూడదని. మా అమ్మ అట్లానే చేసేది, ఆమె అమ్మా అట్లానే.

కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగాయి. బకెట్లో పోసి చల్లనీళ్ళు కలిపాను. ఎంత కలపాలో చెయ్యి పెట్టి చూశాను. నా కూతురు బిడ్డకు నూనె అంటి, చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది. కాక ఎక్కువుందేమో అని అడిగింది. గోరువెచ్చగా ఉండాది, బిడ్డను ఇయ్యి అన్నాను. ఇచ్చేలోపల అలవాటు ప్రకారం ఒక చెంబు ముంచి నా కాళ్ళ మీద పోసుకున్నాను.

నా కాళ్ళు రెండూ వాటంతట అవే ముడుచుకున్నాయి. నేను ముడవలేదు. అరుపు తరవాత వచ్చింది, ముందు కాళ్ళు లేచాయి. మోకాళ్ళ కింద తోలంతా ఎర్రగా మండిపోతోంది. బిడ్డ ఇంకా నా కూతురి చేతుల్లోనే ఉన్నాడు. ఆమె నా కాళ్ళ వైపు చూడటం లేదు.

"మా," అంది, "నీ చెయ్యి ఇంకా ఆ నీళ్ళల్లోనే ఉండాది."

చూసుకున్నాను. నిజమే. ఎడమచెయ్యి బకెట్లో మణికట్టు దాకా మునిగి ఉంది. నీళ్ళు తగులుతున్నట్టు తెలుస్తోంది. కాక తెలియడం లేదు. ఒకటే ఒళ్ళు, ఒకటే నీళ్ళు. కాళ్ళు గోలపెట్టాయి, చెయ్యి చచ్చిన చేప మాదిరి అందులో పడి ఉంది. దాన్ని బయటికి తీసినప్పుడు నాకు పుట్టిన రోత అంతా ఇంతా కాదు. అది నా చెయ్యి అనిపించలేదు. ఎవరో నా మోచేతికి కట్టి పోయినదాని మాదిరి వేలాడింది.

నా కూతురు బిడ్డను రొమ్ముకు అదిమి పట్టుకుని గోడకు ఆనుకుంది. ఆ చెయ్యి బాగయ్యేదాకా బిడ్డ నీళ్ళ దగ్గరికి రావద్దంది. తప్పేమీ అనలేదు. నేనైనా అదే అందును.

చెయ్యి బాగుచేసుకోవాలి. ఎట్లా? గూళూరు వైపు నరం పట్టేవాడు ఒకడున్నాడని చెప్పారు. బస్సెక్కి పోయాను. వాడి అరుగు మీద కూర్చున్నాను. వాడి నోట్లో పొగాకు, మీసానికి పొగాకు, నా చేతికి పూసిన నూనెలో కూడా పొగాకు తుంపర్లే. ఆ నూనె ఎన్నేళ్ళ నాటిదో, మేక కొవ్వు కంపు కొట్టింది. నరం పక్కకు జరిగిండాది అన్నాడు. మోచెయ్యి వెనక ఉండే ఎముక పక్కన బొటనవేలు పెట్టి నులిమాడు. ప్రాణం పోయింది. చిటికెనవేలు దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. ఇన్నాళ్ళకు ఆ చేతిలో ఏదో తెలిసింది కదా అని నాకు సంబరమైంది. చూశావా, లేచింది అన్నాడు. ఇంటికొచ్చి నిప్పు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేవలేదు. మోచెయ్యి మాత్రం వాచింది.

తరవాత బాగేపల్లి. బస్టాండు దగ్గర గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో నరాల బలహీనతకు వైద్యం అని రాసి ఉంటే కూడబలుక్కుని చదివాను. నరాలంటే నరాలే కదా. మెట్లెక్కి పోయాను. లోపల బెంచీల మీద అందరూ మగపిల్లలు, ఒక్క ఆడమనిషి లేదు. నన్ను చూసి ఒక్కొక్కడూ తల వంచుకున్నాడు. ఒకడు లేచి పారిపోయాడు, నేను వాళ్ళమ్మకు తెలిసినదాన్నేమో. డాక్టరు అనేవాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవరికమ్మా?" అన్నాడు. నాకే అన్నాను. వాడి మొహం చూడాలి మీరు. గోడకు తగిలించిన బొమ్మలు అప్పుడు చూశాను. థూ. మెట్లు దిగేటప్పుడు వెనకనుంచి నవ్వులు వినిపించాయి. ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు నా కూతురికి తెలిసింది, నవ్వుతోంది, పెన్ను ఆగింది.

ఇంక ఇట్లా కాదని ఆమే బిడ్డను చంకనేసుకుని నన్ను చిక్కబళ్ళాపురం పెద్దాస్పత్రికి తీసుకుపోయింది. తోలు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్న వయసు మనిషి, కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడింది. ముందుగా నా జాకెట్టు చెయ్యి పైకి తీయించి ముంజేతి లోపలి వైపు చూసింది. అక్కడ కొంచెం వెలిసిపోయిన మచ్చ ఉంది. నీళ్ళలో నాని అట్లా అయిందనుకునేదాన్ని. చాలా రోజులుగా ఉందా అంది. ఉందేమో, నా ముంజెయ్యి నేనెందుకు చూసుకుంటాను?

కళ్ళు మూసుకోమంది. గాజు గొట్టాలు రెండు తెచ్చి, ఒక దాంట్లో వేన్నీళ్ళు, ఒక దాంట్లో చన్నీళ్ళు పోసి నా చేతికి ఆనించి, ఏది వేడో చెప్పమంది. తరవాత దూది కొసతో ముట్టుకుంటాను, ముట్టుకున్నప్పుడల్లా వేలితో చూపించు అంది. నేను కళ్ళు మూసుకుని కాచుకున్నాను. ఎంతసేపటికీ మొదలుపెట్టదు. ఇంకా ముట్టుకోలేదేమి అని ఒక కన్ను తెరిచి చూశాను. ఆమె ముట్టుకుంటూనే ఉంది. దూది నా వేళ్ళ మీద తిరుగుతోంది. నా కూతురు పక్కన కూర్చుని పైటతో నోరు మూసుకుని ఏడుస్తోంది.

ఆ తరవాత నరం పట్టేవాడు నులిమిన చోటే, మోచెయ్యి వెనక, డాక్టరమ్మ వేలు పెట్టింది. మెల్లగా దొర్లించింది. చాంతాడు మాదిరి లావుగా తగిలింది నాకు కూడా. ఇది మామూలుగా పుల్లంత సన్నగా ఉండాలి, వాచిపోయింది అని చెప్పింది. మేము రక్తం పోయేదాన్నీ నరమనే అంటాము. ఇది అది కాదంది. ఇందులో రక్తం పోదు, కబుర్లు పోతాయి.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇట్లా ఉంది. తోలు కింద పోగులుంటాయి. కాకను పట్టేవి వేరు, నొప్పిని పట్టేవి వేరు, దూది తగిలితే తెలిసేవి వేరు. అన్నీ కట్టకట్టుకుని చెయ్యి పొడుగునా పైకి పోయి వెన్నులో చేరి తలదాకా పోతాయి. కాక తెలిసేది వేలికి కాదు, తలకు. వేలు కబురు పంపుతుంది, అంతే. తల ఏం చెయ్యాలో చెప్తే ఆ మాట ఇంకో పోగుల మీద కిందికి వస్తుంది. మరీ కాలితే తలదాకా పోయేంత ఆలస్యం కూడా ఉండదట. వెన్నే ఆజ్ఞ ఇచ్చేస్తుందట, ముడుచుకో అని. నా కాళ్ళు నాకంటే ముందు లేచింది అందుకే. చేతిలో ఆ పోగులు దెబ్బతిన్నాయి. అన్నిటికంటే ముందు పోయేవి కాకను పట్టేవే. అందుకే నీళ్ళు తగిలింది తెలిసింది, కాక తెలియలేదు. వాటి వెనకే దూది తగిలితే తెలిసేవీ పోతూ వచ్చాయి, కొస దొరకనిది అందుకే.

నేను సిగ్గు లేకుండా అడిగాను. షెడ్డులో అందరికీ పాతబడితే చెయ్యి కాగుతుంది కదా, నాది అదే కదా అని. ఆమె నా మొహం చూసింది. తోలు కాస్త గట్టిపడొచ్చు, ఓర్పు పెరగొచ్చు, కానీ ఏమీ తెలియకపోవడం పనితనం కాదమ్మా, ఎప్పుడూ కాదు అంది. నాకు సావుకారు గుర్తొచ్చాడు. చచ్చిన చెయ్యిని సంతలో ఎద్దు పళ్ళు చూపించినట్టు చూపించాడు. ఆ ఫోటోలు ఇంకా ఎవరి సెల్లుల్లోనో ఉంటాయి. అక్కడే వాంతి వచ్చింది. కిటికీ దాకా పోయాను.

తిరిగొచ్చాక ఆమె రోగం పేరు చెప్పింది. ఆమె చెప్పింది కన్నడంలో. మా ఊళ్ళో దాని పేరు ఎత్తరు, పెద్దరోగం అంటారు, వేళ్ళను మొండి చేసేది. క్రిమి ఒకటి నరం పైపొరలో కాపురం పెట్టి లోపలి పోగులను తినేస్తుందట. నా కూతురు బిడ్డను నా వైపు ఉన్న చంకలోంచి తీసి అవతలి చంకకు మార్చుకుంది.

ఇక్కడ పెన్ను ఆగింది. రాయి అన్నాను. నువ్వు మార్చుకున్నావు, అది జరిగింది.

డాక్టరమ్మ కూడా అది చూసింది. మందు మొదలైతే కొన్ని రోజులకే ఇంకొకరికి అంటే గుణం పోతుంది, పూర్తిగా వాడితే క్రిమి చస్తుంది, ఇంట్లోనే ఉండొచ్చు, అందరితో తినొచ్చు అని నా కూతురి కళ్ళలోకి చూసి చెప్పింది. మరి కాక మళ్ళీ తెలుస్తుందా అని నేను అడిగాను. నాకు కావలసింది అదొక్కటే. వాచిన నరానికి వాపు తగ్గే మాత్రలు ఇస్తానంది. ఈ మధ్య మొద్దుబారినది కొంత రావచ్చు. చాలా కాలం కిందటే చచ్చిపోయినది రాకపోవచ్చు. నరం మళ్ళీ పెరిగేది చాలా నిదానం, ఒక్కోసారి పెరగదు కూడా. అబద్ధం చెప్పలేదు, అందుకు ఆమె మీద కోపం లేదు.

మాత్రలు మింగిన మరుసటి రోజు ఒంటేలు ఆకూవక్కా నమిలి ఉమ్మినట్టు ఎర్రగా వచ్చింది. ముందే చెప్పి ఉన్నా ఒళ్ళు జలదరించింది. పోనుపోను మొహం నల్లబడింది, తోలు పొట్టు లేచింది. అద్దం తిప్పి పెట్టాను. నా రోత నేను భరించాను. మిగతావాళ్ళ రోత భరించడమే కష్టమైంది.

కబురు షెడ్డుకు ఎట్లా చేరిందో తెలియదు. పోయేసరికి సావుకారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి రానియ్యలేదు.

"నువ్వింక రావద్దమ్మా. గూళ్ళకి అంటుకుంటాది."

అంటదని ఆస్పత్రిలో చెప్పిన మాట చెప్పాను. ఆయన విననట్టు ముక్కు మీద గుడ్డ సర్దుకున్నాడు. ఆ కంపులో పుట్టి పెరిగిన మనిషి, ఎప్పుడూ ముక్కుకు గుడ్డ పెట్టనివాడు, నన్ను చూసి పెట్టాడు. లోపల మూల పడి ఉన్న నా పాత చెంబును ఎవరో కట్టెపుల్లకు తగిలించుకుని తెచ్చి గేటు బయట పడేశారు. తెచ్చింది ఎవరో చూశాను. నాకు ఆకూవక్కా పెట్టిన ఆమే. ఆ చెంబు తీసుకుని ఇంటికి వచ్చాను. మంచి ఇత్తడి చెంబు, వదిలేస్తానా?

ఆ వారంలోనే మండికల్ నుంచి మా వియ్యపురాలు వచ్చింది. మంచం మీద కూర్చోలేదు, తను తెచ్చుకున్న గోనెపట్టా పరుచుకుని దాని మీద కూర్చుంది. నీళ్ళిస్తే దాహం లేదంది.

"ఏమీ అనుకోవద్దు వదినా," అంది, "మగబిడ్డ. ఇంటి పేరు నిలబెట్టేవాడు. నువ్వు బాగైనాక వస్తారులే."

ఏమనుకోను? పొద్దస్తమానం పేడలో చేతులు పెట్టే మనిషి, నా గడప తాకిన పైట కొంగును పోయేటప్పుడు బస్సెక్కేముందు బోరు కింద తడుపుకుందట. చూసినవాళ్ళు వచ్చి చెప్పారు, చెప్పడంలో వాళ్ళ సంతోషం వాళ్ళది. నా కూతురు బిడ్డను ఎత్తుకుని ఆమె వెంట, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. తిరిగి చూసి ఉంటే నేను పోనిచ్చేదాన్ని కాదేమో.

ఇల్లు ఖాళీ. నేనూ నా చేతులూ మిగిలాము. ఆస్పత్రిలో నేర్పించారు, తెలియని చెయ్యిని కళ్ళతో కాయాలని. పొయ్యి మీది గిన్నె దించేముందు గుడ్డ చుట్టుకోవాలి. గరిటెకు కట్టెపిడి ఉండాలి. సాయంత్రం కూర్చుని ఒక్కొక్క వేలూ తిప్పి చూసుకోవాలి, ఎక్కడైనా కాలిందా, తెగిందా అని. పరాయి మేకను మేపుతున్నట్టు నా చేతులను నేను మేపుకున్నాను. వేడి చూడాలంటే చెంపకు ఆనించుకోవాలి. టీ గ్లాసు కూడా చెంపకే. రోజూ పొద్దున ఎండలో బండ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. పెట్టి, కళ్ళు మూసుకుని కాచుకునేదాన్ని. తలకు ఏ కబురూ రాలేదు. బొటనవేలి మొదట్లో మాత్రం ఒకరోజు చీమలు పాకినట్టు అయింది. నిజంగా చీమలేనేమో అని కళ్ళు తెరిచి చూశాను. చీమలు లేవు. అదొక్కటే వచ్చింది, అక్కడికే ఆగింది.

మాత్రలు సగం అయినప్పుడు నా కూతురు చెప్పకుండా వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో సంచి. అత్తతో పోట్లాడి వచ్చానంది. తనొక్కతే చిక్కబళ్ళాపురం పోయి డాక్టరమ్మను మళ్ళీ అడిగి వచ్చిందట, బిడ్డను మాయమ్మ దగ్గర పెట్టొచ్చా అని. పెట్టొచ్చని ఎప్పుడో చెప్పాను కదా అందట ఆమె. ఆ రోజు చంక మార్చుకున్న సంగతి నా కూతురు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తోంది.

బిడ్డ బాగా పెరిగాడు. నన్ను చూసి మొహం ముడిచాడు. నల్లటి మొహం, పొట్టు లేచిన తోలు, వాడి తప్పేముంది? నా కూతురు పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. కాగాక బకెట్లో పోసి చన్నీళ్ళు కలిపి, తన చెయ్యి పెట్టి చూసుకుంది. నన్ను రమ్మంది. నేను రాలేదు. దూరంగా గడప మీద కూర్చున్నాను. ఆ బకెట్టును చూస్తే నాకు కాళ్ళు మండుతాయి.

"నీళ్ళు నేను చూస్తా," అంది. "కాళ్ళు నువ్వు చాపు."

చాపాను. మచ్చలు పడిన కాళ్ళు. బిడ్డకు నూనె అంటి తెచ్చి నా కాళ్ళ నడుమ పండేసింది. వాడు గిలగిల కొట్టుకుని, నన్ను చూసి ఏడుపు అందుకుని, ఒంటేలు పోశాడు. పైకి చిమ్మి నా చెయ్యి మీద పడి, అక్కడినుంచి తొడ మీదికి పారింది. చెయ్యికి ఏమీ తెలియలేదు. తడి కూడా సరిగా తెలియలేదు. తొడకు వెచ్చగా తెలిసింది. పురుగుల నీళ్ళలో బతుకు ఉడికించుకున్నదాన్ని, ఆ వెచ్చదనానికి మాత్రం నాకు రోత పుట్టలేదు. కదలకుండా కూర్చున్నాను.

"ఉండు, నా చెంబు తీసుకురా, లోపల ఉండాది," అన్నాను. తెచ్చింది. దాని నిండా చల్లనీళ్ళు పోయించి నా పక్కన పెట్టించుకున్నాను.

వేన్నీళ్ళు ఒక చెంబు ముంచి బిడ్డను పక్కకు ఎత్తి పట్టుకుని, ముందుగా నా కాళ్ళ మీద పోసింది. పోసి నా మొహం చూసింది.

"చాలా కాకుందా మా?"

"కొంచెం," అన్నాను. "ఇంకో గుక్కెడు చన్నీళ్ళు కలుపు."

నా చెంబులోంచి కలిపింది.